తప్పు మేస్త్రిది కాదు, నేలది

శ్రీకాకుళం దగ్గర మా ఊరిది నల్లరేగడి నేల. మనం బడిలో చదివే రోజుల్లో, నాన్నగారు కట్టించిన ఇంటి గోడ ఏటా ఎండాకాలంలో బీట విచ్చేది, వానలు పడితే మూసుకునేది. “మేస్త్రి మోసం చేశాడు” అన్నారు నాన్నగారు. ఆ మేస్త్రి కొడుకు నా బెంచీ మిత్రుడు. మా ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి.

ఇంజినీరింగు చదివేటప్పుడు అసలు సంగతి తెలిసింది. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ 1950ల్లోనే దీనికి విరుగుడు చూపింది: అడుగున గడ్డలా ఉబ్బి ఉండే కాంక్రీటు పైలు. 1980 నాటి భారతీయ ప్రమాణం ప్రకారం, లోతైన రేగడిలో అది కనీసం 3.5 మీటర్లు దిగాలి. మా పునాది మూడడుగులే. ఆ రోజుల్లో ఊరందరిదీ అంతే.

తరువాత గోడకు ఇరువైపులా ఒక్కొక్కటిగా గుంతలు తవ్వి, గట్టి నేల దాకా కాంక్రీటు స్తంభాలు పోశాం. గోడ కింద దూలాలు దూర్చి బరువును వాటి మీదికి మార్చాం. అన్నీ ఒకేసారి తవ్వితే గోడే కూలుతుంది. మళ్లీ బీట విచ్చలేదు.

నాన్నగారు క్షమాపణ చెప్పుకుందామని వెళ్లేసరికి మేస్త్రిగారు లేరు. మిత్రమా, ఈ సంచిక నీకు అందితే ఒక్కమాట: తప్పు మీ నాన్నగారిది కాదు.