పచ్చి ఇటుక నుండి యంత్రహస్తం వరకు

హిజ్రీ 1వ సంవత్సరం (క్రీ.శ. 622)లో మదీనాలో నిర్మించిన దైవప్రవక్త (స) మస్జిద్ గోడలు ఎండబెట్టిన పచ్చి ఇటుకలతో లేచాయి. స్తంభాలు ఖర్జూరపు మొద్దులు. పైకప్పు ఖర్జూరపు మట్టలు. ఇటుకకు అరబ్బీలో ‘తూబ్’ అనే పేరుంది. ఈ మాటే ‘అత్తూబ్’గా అందలూసియా చేరి, స్పానిష్ భాషలో ‘అదోబే’ అయింది. పచ్చి ఇటుకకు నేడు అనేక దేశాల్లో వాడుకలో ఉన్న పేరు ఇదే.

ఇరవయ్యవ శతాబ్దంలో సిమెంటు, ఉక్కు వ్యాపించిన కొద్దీ మట్టి ఇల్లు పేదరికానికి గుర్తుగా మారింది. ఈ చిన్నచూపును ఎదిరించినవారిలో ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫత్‌హీ (1900–1989) ముఖ్యుడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో కలప, ఉక్కు కరవైనప్పుడు ఆయన పచ్చి ఇటుకలతో కమాను కప్పులు వేయించగా అవి కూలిపోయాయి. అస్వాన్ సమీపాన నూబియా మేస్త్రీలు మాత్రం సెంట్రింగు కర్ర ఒక్కటి లేకుండానే అటువంటి కప్పులు వేస్తూ ఉండేవారు. వారు మొదటి వరుసను వెనుక గోడకు ఆనించి, ప్రతి వరుసనూ దాని ముందటి వరుస మీదికి వాల్చి పేర్చేవారు. తడి మట్టి పట్టుకు ఇటుక జారేది కాదు. ఫత్‌హీ ఆ మేస్త్రీలనే పిలిపించుకుని, 1945లో లక్సర్ వద్ద కొత్త గుర్నా గ్రామాన్ని ఆరంభించాడు. కాని ఫరోల కాలపు సమాధులపై నివసిస్తున్న పాత గుర్నా ప్రజలు తరలిరావడానికి ఇష్టపడలేదు. గ్రామం సగంలోనే ఆగిపోయింది.

ఇరానులో జన్మించిన నాదిర్ ఖలీలీ (1936–2008) మరొక దారి తీశాడు. పొడవాటి సంచుల్లో మట్టి నింపి, చుట్ట మీద చుట్టగా పేర్చి, మధ్యన ముళ్ళతీగ పరచి గుమ్మటాలు లేపాడు. ఈ ఆశ్రయాలకు 2004లో ఆగాఖాన్ వాస్తు పురస్కారం లభించింది.

చుట్ట మీద చుట్ట అనే ఈ పద్ధతినే కంప్యూటరుతో నడిచే యంత్రం నేడు అనుసరిస్తున్నది. 2021లో ఇటలీలోని మాస్సా లొంబార్దాలో వాస్తుశిల్పి మారియో కుచినెల్లా, వాస్ప్ సంస్థ కలిసి ‘తెక్లా’ అనే ఇంటిని స్థానిక మట్టితోనే నిర్మించారు. రెండు యంత్రహస్తాలు ఏకకాలంలో పనిచేస్తూ, 12 మిల్లీమీటర్ల మందం గల 350 పొరలను 200 గంటల్లో పోశాయి. సుమారు 60 ఘనమీటర్ల మట్టి పట్టింది. పొర గాలిలో నిలవదు. కింది పొర కంటే కొద్దిగానే ముందుకు జరగాలి. అందువల్ల ఆ ఇల్లు రెండు గుమ్మటాల రూపం దాల్చింది. సెంట్రింగు లేకుండా మట్టి తన బరువును తానే మోసుకునే ఈ సూత్రం నూబియా మేస్త్రీలకు చిరపరిచితమే. కింది వరుస ఆరిన పిమ్మటే పై వరుస పెట్టి మట్టిగోడ లేపే తెలుగు పల్లెవాసులకూ ఇది కొత్త కాదు.

కాబట్టి యంత్రం తెచ్చింది వేగము, లెక్కల ఖచ్చితత్వము. మట్టి స్వభావం మాత్రం మారలేదు. వానకు కరిగే గోడకు ఏటేటా పూత కావలసిందే. మాలీ దేశంలో 1907లో పునర్నిర్మితమైన జెన్నే మహా మస్జిద్ నేటికీ నిలిచి ఉన్నదంటే, ఏటా మేస్త్రీల పర్యవేక్షణలో ఊరంతా కలిసి దానికి మట్టి పూయడమే కారణం. గుర్నాలో మంచి కప్పులున్నా నివసించేవారి సమ్మతి కరవైంది. యంత్రం గోడ పోసి మరొక చోటికి తరలిపోతుంది. ఆ తరువాత ఆ గోడను మెత్తవలసినవారు అక్కడి ప్రజలే. వారికి ఆ విద్య నేర్పకుండా, వారి ఇష్టం తెలుసుకోకుండా కట్టిన ఇంటికి గుర్నా గతి తప్పదు.