జటోపెక్ సాధన

1952 జూలై 27వ తేదీన హెల్సింకీ ఒలింపిక్ మారథాన్‌కు నిలిచిన చెకోస్లొవేకియా సైనికాధికారి ఎమిల్ జటోపెక్ అంతకు ముందెన్నడును ఆ పందెమున పాల్గొని యెరుగడు. అదే క్రీడోత్సవమున 5,000, 10,000 మీటర్ల పందెములను అప్పటికే గెలిచియుండెను. 42 కిలోమీటర్ల పైచిలుకు దూరమునకు ఆయన ధైర్యమంతయు తన సాధనయే. 400 మీటర్లు వేగముగా పరుగిడుట, కొంత మెల్లగా సాగి ఊపిరి తీసికొనుట, మరల పరుగిడుట. ఇట్లు దినమునకు పదులకొలది పర్యాయములు. అడవి దారులలో బరువైన సైనికుల బూట్లతోనే పరుగెత్తెడివాడు. (యౌవనమున పనిచేసినదియు బూట్ల కర్మాగారముననే!) పందెమున మొదట ముందంజ వేసిన బ్రిటిష్ మేటి జిమ్ పీటర్స్ కండరములు పట్టివేయగా నడుమనే విరమించెను. జటోపెక్ 2 గంటల 23 నిమిషముల 3 సెకండ్లలో గమ్యము చేరెను. రెండవవాడైన అర్జెంటీనా వీరుడు గోర్నో వచ్చుటకు మరి రెండున్నర నిమిషములు పట్టెను.