గీత ఆగిన చోట

ఎల్వోసీ అని రోజూ పేపర్లో చదివే నియంత్రణ రేఖ సరిహద్దుగా పుట్టలేదు. 1949 జనవరి 1న కశ్మీర్‌లో కాల్పులు ఆగేసరికి భారత్, పాకిస్థాన్‌లలో ఎవరి సేన ఎక్కడుందో చూసి గీసిన గీత అది. ఆ జులై 27న కరాచీలో, ఐక్యరాజ్య సమితి కమిషన్ సమక్షంలో సైనికాధికారులు దాన్ని కాగితం మీద పెట్టారు. భారత్ తరఫున సంతకం చేసిన లెఫ్టినెంట్ జనరల్ శ్రీనగేశ్ తర్వాత సైన్యాధిపతి అయ్యారు; 1962లో ఆంధ్రప్రదేశ్‌కు గవర్నరుగానూ వచ్చారు.

కశ్మీర్ ఎవరిదో తేల్చే ప్రజాభిప్రాయ సేకరణ జరిగేదాకా నడిచే ఏర్పాటనుకున్నారు. ఆ సేకరణ జరగనే లేదు. 1965 యుద్ధంలో మన సైన్యం హాజీపీర్ కనుమను పట్టుకుంది. తాష్కెంట్ ఒప్పందంతో వెనక్కిచ్చేసింది. 1971లో గెలిచిన తుర్తుక్‌ను మాత్రం వదల్లేదు. రేఖ జరిగింది, ఊరు దేశం మారింది. ఆ సమయానికి పని మీద అవతల ఉన్న కొడుకులూ భర్తలూ అవతలే ఉండిపోయారు. మరుసటి ఏడు సిమ్లా ఒప్పందం ఈ కొత్త గీతకే నియంత్రణ రేఖ అని పేరు పెట్టింది.

ఈ రేఖ తగవు తీర్చలేదన్నది స్పష్టమే. అలాగని దాన్ని ఉన్నచోటే ఆపేసిందనీ అనలేం. 2003లో కాల్పుల విరమణ, ఉల్లంఘనలు, 2021లో మళ్లీ అదే మాట, 2025 మేలో మళ్లీ ఫిరంగులు. అయినా 1999 కార్గిల్ యుద్ధంలో అంత ప్రాణనష్టం జరుగుతున్నా భారత సేన రేఖ దాటలేదు. సరిహద్దని ఎవరూ ఒప్పుకోని గీతకు అంత పట్టు రావడం నాకైతే వింతే.

ఆ పట్టంతా గీసినంత మేరకే. 1949లో ఊళ్లూ వాగులూ పేరుపేరునా రాసినవాళ్లు, ఉత్తరాన ఖోర్ దాటాక మాత్రం హిమానీనదాల వైపు అని తేల్చేశారు. ఆ మంచు కోసం ఎవరు కొట్టుకుంటారనుకున్నారు కాబోలు! 1972 మ్యాపులూ ఎన్‌జే9842 అనే బిందువు దగ్గరే ఆగాయి. 1984 ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్ పేరిట భారత సైనికులు ఆ గీత లేని మంచులోని సియాచిన్ హిమానీనదం ఎక్కారు. అక్కడ తూటాల కన్నా చలీ హిమపాతాలే ఎక్కువమందిని చంపాయి. 2012లో గయారీ దగ్గర ఒక్క హిమపాతంలో పాకిస్థాన్ వైపు 140 మంది పోయారు. ఖాళీ చేద్దామని చాలాసార్లు చర్చలు జరిగాయి. దిగే ముందు ఎవరెక్కడున్నారో మ్యాపులో గుర్తించాలని భారత్ అంటుంది. గుర్తిస్తే భారత్ ఆక్రమణను ఒప్పుకున్నట్టవుతుందని పాకిస్థాన్ కాదంటుంది.