అవతలి రాజ్యంల అమ్మగారిల్లు

చలిమంట దగ్గరికి జరుగు బిడ్డా, ఆ పీట లాక్కో. అమెరికాల పుట్టి పెరిగినదానివి. తాతల ఊరని మీ నాయన ఇంటిల్లిపాదిని ఈడికి తెచ్చి పెట్టిండు. ఈ ఊరు నాకెప్పుడు అలవాటైతదని నన్నడుగుతున్నవు. పరాయి దేశంల కాపురం పెట్టుడు మన ఇంట్ల నీతోనే మొదలైందనుకుంటున్నవా? మా అమ్మ ఎప్పుడో పెట్టింది. విమానం లేదు, ఓడ లేదు. పొద్దుగాల ఎడ్లబండి ఎక్కి, పొద్దుగూకేసరికి వేరే రాజ్యంల దిగింది.

ఎట్లంటవా? కోదాడ చుట్టుపక్కల మన పల్లెలన్నీ అప్పుడు నిజాం రాజ్యం. నడుమ మునగాల పరగణా ఒక్కటి ఇంగ్లీషోళ్ల ఏలుబడి, కృష్ణా జిల్లా కింద లెక్క. దాన్ని నల్లగొండ జిల్లాల కలిపింది 1959ల. ఆ పరగణాకు జమీందారు రాజా నాయని వెంకట రంగారావు గారు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు గారు. 1901ల హైదరాబాదుల శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టినోళ్లల్ల ఇద్దరూ ఉన్నరు. లక్ష్మణరావు గారు తెలుగుల విజ్ఞాన సర్వస్వం తేవాలని ఒళ్లు హూనం చేసుకున్న మనిషి. ఆయన ముచ్చట ఎత్తితే తెల్లారుతది, ఇంకోనాడు చెప్త.

మా అమ్మ పుట్టిల్లు ఆ పరగణా, మెట్టినిల్లు ఈ ఊరు. అమ్మగారింటికి పోవాలంటే సరిహద్దు దాటాలె. నాకా కాడ కరోడ్‌గిరి జవాను, అంటే సుంకపోడు, మూట విప్పించి చూసేటోడు. సారె చీరెలు, బెల్లం, పసుపు అన్నీ బయటపెట్టాలె. మా అమ్మమ్మ తెలివైంది. ముందుగాల అరిసెల డబ్బా తెరిచి ఆయన చేతుల రెండు పెట్టేది. ఇగ ఆయనకు మిగిలిన మూట యాదికి వచ్చేది కాదు.

పైసలు గూడ వేరే. మన దిక్కు హాలి సిక్కా, ఆ దిక్కు కల్దారు. ఆరు కల్దార్లకు ఏడు హాలి రూపాయలు. కొత్త కోడలు అంగట్ల గజం గుడ్డ కొన్నా వేళ్ల మీద లెక్క పెట్టుకునేదట. నవ్వకు. మొన్న నువ్వు టమాటలు కొంటూ మనసుల డాలర్లు లెక్క పెట్టుకున్నది నేను చూడలేదా? తేదీలు గూడ కలిసేటివి కాదు. ఆ దిక్కు 1940 ఎండకాలమైతే, మన సర్కారు కాగితాల మీద 1349 ఫస్లీ. నెలల పేర్లు ఆజూర్, దై, బహమన్. మా అమ్మ రెండు లెక్కలూ పక్కకు పెట్టి పున్నమ, అమాస పట్టుకున్నది. అవి ఏ రాజ్యంల చూసినా ఒక్కనాడే వస్తయి గద.

ఆ దిక్కు కాఫీ, ఈ దిక్కు చాయ్. మాట తీరు గూడ వేరే. చెరువు కట్ట మీద అమ్మలక్కలు మా అమ్మ యాస పట్టి నవ్వేటోళ్లట. ఆమె అలగలేదు. వాళ్లతోనే బతుకమ్మ పేర్చింది, వాళ్లతోనే నాట్లకు పోయింది, ఒకామె కాన్పైతే రోజూ పోయి పసిబిడ్డకు నీళ్లు పోసింది. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నరు. నవ్వినోళ్లే తరువాత మా ఇంట్ల ఏ పని పడ్డా ముందు నిలబడ్డరు.

నిజాం దిక్కు నిలబడి ఊళ్ల మీద పడ్డ రజాకార్ల దినాలల్ల మా వంతు వచ్చింది. ఊళ్లకు ఊళ్లు సరిహద్దు దాటి జగ్గయ్యపేట దిక్కు పోయినయి, మేం గూడ పోయినం. ఆడ హోటల్ల అణా పెడితే రెండిడ్లీలు, సాంబారు ఎంతంటే అంత. నాకు పరదేశమంటే ఇడ్లీలే అనిపించింది! మా నాయనకు మాత్రం ముద్ద దిగేది కాదు. 1948 సెప్టెంబర్ 13న ఇండియా ఫౌజు కదిలింది, 17న నిజాం లొంగిండు. తిరిగొచ్చి చూస్తే చేను పడావు పడ్డది, ఇంటి కప్పు కూలింది. మా ఎడ్లను మాత్రం పక్కింటి సాయబు తన కొట్టంల కట్టుకొని, మేపి ఉంచిండు. ఇరుగుపొరుగు అంటే అదీ.

ఇగ మీ నాయనమ్మ దిక్కు పాలమూరోళ్ల కథ వేరే. మేస్త్రీ కాడ అడ్వాన్సు పట్టుకొని, గుంపుకు గుంపు ఏ డ్యాం కడితే ఆడికి పోయేటోళ్లు. బొంబాయిల కామాటిపురకు ఆ పేరు వచ్చింది మన దిక్కు నుంచి పోయిన కూలోళ్ల వల్లనే. దసరాకో పీర్ల పండుగకో ఊరికి వచ్చేటోళ్లు. ఆమె మేనల్లుడొకడు ట్రాన్సిస్టర్ భుజాన పెట్టుకొని వాడంత తిరిగిండు. పండుగ వెళ్లినంక బండి కిరాయికి దాన్నే కొట్టాయనకు అమ్మిండు. బొంబాయిల పుట్టిన వాని పిల్లలు జొన్నరొట్టె చూసి ఏడ్చేటోళ్లు. రెండు నెలలుంటే ఆ రొట్టె మీదనే కారం, నూనె పూసుకొని తినేటోళ్లు. దూరపు కొండలు నునుపు బిడ్డా. ఆడోళ్లకు ఈడిది, ఈడోళ్లకు ఆడిది ముద్దు.

అగో, నీ సంగతి మరిచిన. పరాయి దేశం పౌరులైన మనోళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు నీకున్నది. 2006 జనవరిల హైదరాబాదుల ప్రవాసీ భారతీయ దివస్ అయినప్పుడు ఆ కార్డులు ఇచ్చుడు మొదలైంది. అది ఉంటే ఎన్నేండ్లు ఉన్నా పోలీసు కాడ పేరు రాయించుకునే పని లేదు. ఏడాదిల 182 దినాలు ఈడ ఉంటే ఆధార్‌కు పెట్టుకోవచ్చు. ఓటు లేదు. సేద్యం భూమి కొననియ్యరు, వారసత్వంగ వస్తే వద్దనరు. కాగితం పని గంతే.

మిగిలిందంత నీ పని. ఎప్పుడొచ్చినవ్, ఎప్పుడు పోతవ్, మీ నాయన జీతమెంత, పెండ్లెప్పుడు అని అడుగుతరు. మొహం ముడుచుకోకు. ఎవరి బిడ్డవో, ఏ ఇంటిదానివో తెలుసుకొని నిన్ను వరుస పెట్టి పిలవాలని వాళ్ల ఆరాటం. ఎప్పుడు పోతవంటే, ఉంటనని చెప్పు. పెండ్లికి పోకున్నా సరే, చావుకు మాత్రం తప్పకుండ పో. ఎవరింటికి పోయినా మంచినీళ్లన్న తాగి లే. ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనిపించుకోకు. చుట్టానికి ఊరు మర్యాద చేస్తది, ఇంటిమనిషికి పని చెప్తది. నీకు పని చెప్పిన్నాడు నువ్వు ఈ ఊరిదానివైనట్టే.

మొన్న పక్కింటి అత్త గిన్నెల పప్పుచారు పంపింది. ఆ గిన్నె ఇంకా మన వంటింట్లనే ఉన్నది. మా కాలంల గిన్నె ఉత్తగ తిప్పి పంపేటోళ్లం కాదు. రేపు పొద్దుగాల దాంట్ల ఏమన్న పెట్టి, నువ్వే పోయి ఇచ్చి రా.