చెట్టు కుళ్లులో పెరిగే హోవర్‌ఫ్లైలు: పరిశీలన చరిత్ర

హోవర్‌ఫ్లైలు సిర్ఫిడే కుటుంబపు ఈగలు. గాలిలో కదలకుండా ఒకేచోట నిలవగలవు. చాలా జాతులు తేనెటీగల్లా, కందిరీగల్లా కనిపిస్తాయి గానీ కుట్టవు. వీటిలో కొన్నింటి లార్వాలకు చెట్టు గాయాలే నెలవు: నీరు నిలిచిన తొర్రలు, బెరడు పగుళ్లలోంచి కారే రసం, కుళ్లిన వేళ్లు, నరికిన మోళ్లు. ఈ లార్వాల్లో ఎక్కువ భాగం కలపను కాక, ఆ కుళ్లులో పెరిగే సూక్ష్మజీవులను వడకట్టుకు తింటాయి. ఊపిరి పీల్చే నాళిక ఒంటి వెనుక కొసన ఉంటుంది. తడి తొర్రల్లో మునిగి బతికే మయాత్రోపా ప్రజాతి లార్వాకు అది పొడవుగా సాగుతుంది. రసపు పలుచని పొరలో ఉండే బ్రాకియోపా ప్రజాతి లార్వాకు అది పొట్టి.

తోకలాంటి నాళిక ఉన్న ఈ లార్వాలను 18వ శతాబ్దంలోనే ఫ్రాన్స్‌లో ప్రకృతి శాస్త్రవేత్త రెయోమ్యూర్ వర్ణించాడు. అయినా ఆ తర్వాత చాలాకాలం పరిశీలకుల చూపు పూల మీద వాలిన ఈగలపైనే నిలిచింది. బ్రిటన్ జాతులపై 1901లో వెలువడ్డ వెరాల్ ఉద్గ్రంథానికీ రెక్కల ఈగలే ప్రధానం. చెట్టు కుళ్లులో పుట్టే జాతుల్లో పలు ఈగలు ఏడాదిలో కొద్ది వారాలే ఎగురుతాయి, కొన్ని చెట్ల కొమ్మల్లోనే తిరుగుతాయి. కంటపడనివన్నీ అరుదైనవిగా నమోదయ్యాయి. తప్పు ఈగలది కాదు, వాటిని పట్టే వలది.

1961లో జె. సి. హార్ట్‌లీ బ్రిటన్ లార్వాల వర్గీకరణపై రాసిన వ్యాసం దారి చూపింది. అసలు మలుపు స్కాట్లాండులో పరిశోధకులు గ్రాహం రోథరే, ఇయాన్ మెక్‌గవన్‌లతో వచ్చింది. వల పక్కన పెట్టి వాళ్లు తొర్రల్లోని తడి కుళ్లును తోడి చూశారు. పైన్ అడవుల్లో అత్యంత అరుదు అనుకున్న కాలిసెరా రూఫా లార్వాలు పలు అడవుల్లో బయటపడుతూ వచ్చాయి. దాని స్థితిని 1990లో తిరగరాయాల్సి వచ్చింది. 1993లో రోథరే లార్వాలకు రంగుల బొమ్మలతో మార్గదర్శిని వెలువరించాడు. దాంతో శీతాకాలంలోనూ ఈగలను వెతకడం కుదిరింది.

అన్ని జాతులకూ ఈ ఊరట దక్కలేదు. కొత్తగా కూలిన పెద్ద ఆస్పెన్ మానుల బెరడు కింది కుళ్లు హామర్ష్మిడ్టియా ఫెరుజీనియాకు ఆధారం. ఆ కుళ్లు కొన్నేళ్లకే ఎండిపోతుంది కనుక మళ్లీ మళ్లీ కొత్త మాను కూలుతుండాలి. బ్లెరా ఫాలాక్స్ నిజంగానే అంతరించే అంచున ఉందని తేలింది. దానికి కావలసింది శిలీంధ్రం చేవను తినేసిన పెద్ద పైన్ మోడు, అందులో నిలిచిన నీరు. అలాంటి ముదురు చెట్లు అడవిలో చాలా తగ్గిపోయాయి. అందుకే మోళ్లలో గుంతలు తొలిచి, పైన్ పొట్టు నింపి, నీళ్లు పోశారు. ఈగలు వాటిలో గుడ్లు పెట్టాయి. పరిశీలన ఇక్కడ పెంపకంగా మారింది. హైలాండ్ వైల్డ్‌లైఫ్ పార్కులో పెంచిన లార్వాలను కెయిర్న్‌గార్మ్స్ అడవుల్లో వదిలారు. దాదాపు పదేళ్లుగా అక్కడ కనిపించని ఈగ 2022లో మళ్లీ ఎగిరింది.

అదే ఏడాది వెలువడ్డ ఐరోపా రెడ్ లిస్ట్ 890 హోవర్‌ఫ్లై జాతులను అంచనా వేసి, 314 జాతులకు అంతరించే ప్రమాదం ఉందని తేల్చింది.