ఖాళీ ఓడ మోసే బరువు

డాలస్‌కి ఉత్తరాన మా వైపు తెలుగువాళ్ళలో పడవలు కొన్నవాళ్ళు కూడా ఉన్నారిప్పుడు. ఎండాకాలం టెక్సోమా, లావాన్ సరస్సుల ఒడ్డున మన మాటలు బాగానే వినబడతాయి. అక్కడ వేక్ సర్ఫింగ్ పడవని చూస్తే కాకినాడ సరంగు ఎవరైనా నోరెళ్ళబెడతాడు. పడవలోకి నీళ్ళు రాకుండా చూసుకోవడం ఆయన వృత్తి. ఇక్కడ పడవ సరస్సులోకి దిగీ దిగగానే పంపులు వేసి నాలుగైదు వందల గేలన్ల నీళ్ళు లోపలికి తోడుకుంటారు. అంటే దాదాపు రెండు టన్నుల బరువు.

ఎందుకంటే అల కోసం. పడవ తన బరువుకి సమానమైన నీటిని పక్కకి తోస్తుందని ఆర్కిమిడీస్ సూత్రం మనం బళ్ళో చదువుకున్నదే. బరువు పెరిగితే పడవ లోతుగా మునుగుతుంది, ఎక్కువ నీటిని తోస్తుంది. గంటకి పది పన్నెండు మైళ్ళ వేగంతో, వెనకభాగం కుంగి, ఒక పక్కకి కాస్త ఒరిగి వెళుతుంటే వెనకాల నున్నటి అల ఒకటి లేస్తుంది. పలక మీద నిలబడ్డ మనిషి ముందు తాడు పట్టుకుంటాడు. అల అందగానే తాడు వదిలేస్తాడు. ఆ తరవాత అతన్ని తోసేది అలే. తొలిరోజుల్లో ఇసక బస్తాలు, సీసపు సంచులు, నీళ్ళ పీపాలు వేసుకునేవారు. ఏవీ లేకపోతే చుట్టాలనీ స్నేహితులనీ ఒకవైపు కూర్చోబెట్టేవారు. తరవాత నీళ్ళు నింపే పెద్ద రబ్బరు సంచులొచ్చాయి. ఇప్పుడు పడవ అడుగునే ట్యాంకులు అమర్చి అమ్ముతున్నారు.

ఈ బరువుకి బ్యాలస్ట్ అని పేరు. మనవాళ్ళకి ఈ మాట రైలు పట్టాల కింద కంకరగా తెలుసు. అసలు చిరునామా మాత్రం ఓడ అడుగే. సరుకు దింపేసిన ఓడ తేలికై నీటి మీద బెండులా తేలుతుంది, గాలి గట్టిగా వీస్తే ఒరిగిపోతుంది. అందుకని రాళ్ళు, ఇసక, గులక, ఏది చవకగా దొరికితే అది అడుగున పోసుకునేవారు. అది చాలకపోతే ఏమవుతుందో స్వీడన్ రాజుగారి యుద్ధనౌక వాసా చూపించింది. 1628 ఆగస్టు 10న స్టాక్‌హోమ్‌లో మొదటి ప్రయాణానికి బయల్దేరి, 1300 మీటర్లు వెళ్ళి, ఒక గాలి విసురుకి పక్కకి పడి మునిగిపోయింది. అడుగున సుమారు 120 టన్నుల రాళ్ళున్నాయి. పైన రెండు వరసల ఫిరంగులు, వాటికి తగ్గ ఎత్తు. ఇంకా రాళ్ళు వేద్దామంటే కింది వరస ఫిరంగుల కిటికీలు నీటిమట్టానికి మరీ దగ్గరపడతాయి.

సరుకు దొరికిన రేవులో ఆ రాళ్ళని దింపేసేవారు. జార్జియాలో సవానా వెళ్ళినవాళ్ళు నది ఒడ్డున రాళ్ళ వీధిలో నడిచే ఉంటారు. పత్తి కోసం వచ్చిన ఓడలు వదిలేసిన రాళ్ళవి. ఓడలు బండ్లవడం అంటే ఏమో గానీ, ఓడల అడుగు బండ్లకి దారయింది. ఇంగ్లండులో టైన్ నది ఒడ్డున అయితే గుట్టలే లేచాయి. న్యూకాజిల్ బొగ్గు లండన్‌లో దింపి, ఉత్త ఓడలో గులక నింపుకుని వచ్చేవారు. దాన్ని నదిలో పారబోస్తే రేవు పూడిపోతుంది కనక ఒడ్డునే పోసేవారు. ఎక్కించినందుకు కూలీ, దింపినందుకు కూలీ, పారబోసే చోటికి రుసుము. దేనికీ పనికిరాని బరువుకి ఇంత ఖర్చు.

1852లో ఆ టైన్ ఒడ్డునే, జారోలో, జాన్ బోవ్స్ అనే ఇనప ఆవిరి ఓడ కట్టారు. అది రాళ్ళకి బదులు నీళ్ళు నింపుకుని తిరిగొచ్చేది. పంపు తిప్పితే ఎక్కుతుంది, తిప్పితే దిగుతుంది, కూలీ లేదు, గుట్ట లేదు. క్రమంగా ప్రపంచమంతా ఆ దారి పట్టింది.

నీళ్ళకి రాళ్ళకి లేని తంటా ఒకటుంది. నిండు కుండ తొణకదంటాం. సగం కుండే ప్రమాదం. ట్యాంకు సగం నిండి ఉంటే, ఓడ ఒరిగిన వైపుకే నీళ్ళు పరిగెత్తి దాన్ని మరింత ఒరగదోస్తాయి. అందుకే నింపితే నిండా నింపాలి, లేదా పూర్తిగా ఖాళీ చెయ్యాలంటారు.

రెండో తంటా ఇంకా పెద్దది. రాయి చాలావరకు రాయే. నీళ్ళల్లో ప్రాణాలుంటాయి. ఒక రేవులో తోడిన నీటిలో అక్కడి గుడ్లు, లార్వాలు, నాచు ప్రయాణం చేసి ఇంకో రేవులో దిగుతాయి. నల్లసముద్రం, కాస్పియన్ ప్రాంతాల జీబ్రా మసెల్ అనే గోరంత చారల ఆల్చిప్ప 1988లో అమెరికా, కెనడాల నడుమ సెయింట్ క్లెయిర్ సరస్సులో బయటపడింది. బ్యాలస్ట్ నీళ్ళలో వచ్చిందని శాస్త్రజ్ఞుల నిర్ణయం. పైపుల లోపల పొరలు పొరలుగా అతుక్కుని నీటి దారి మూసేస్తుంది.

ఇది చదివినప్పుడు నాకు విశాఖపట్నం గుర్తొచ్చింది. ఖనిజం కోసం ఖాళీ ఓడలొచ్చే రేవు అది. అంతకు ఇరవై ఏళ్ళ ముందే, 1967లో, కరీబియన్ ప్రాంతపు ఆల్చిప్ప ఒకటి అక్కడ కనబడింది. మైటిలాప్సిస్ సాలీ దాని పేరు, జీబ్రా మసెల్‌కి ఒకే కుటుంబంలో దాయాది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పి.ఎన్. గణపతిగారూ సహచరులూ 1971లో దాని గురించి రాశారు. ఓడల ఒంటికి అంటుకుని వచ్చిందంటారు, బ్యాలస్ట్‌లోనైనా కావచ్చంటారు. 1999లో అదే జాతి ఆస్ట్రేలియాలో డార్విన్ పడవల రేవుల్లో కనబడితే, అక్కడివాళ్ళు రేవులు మూసి, నీటిలో క్లోరిన్, మైలుతుత్తం కలిపి నిర్మూలించారు. విశాఖలో అది ఉండిపోయింది.

పెద్ద ఓడల కోసం 2004లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది, 2017లో అమల్లోకొచ్చింది. బ్యాలస్ట్ నీటిని శుద్ధి చేసే యంత్రాలు పెట్టుకోవాలి. సరస్సుల్లో తిరిగే చిన్న పడవలకి మామూలుగా అలాంటివి ఉండవు. ట్యాంకు ఖాళీ చేశామనుకున్నా అడుగున కొంత నీరు మిగులుతుంది. ఆదివారం ఒక సరస్సు, వచ్చే శనివారం ట్రైలర్ మీద ఇంకో సరస్సు.

ఇందులో మనింటి సంగతీ ఉంది. టెక్సోమాలో జీబ్రా మసెల్ 2009లో కనబడింది. ప్లేనో, ఫ్రిస్కో, మెకిన్నీ ఊళ్ళకి నీళ్ళిచ్చే సంస్థ అప్పటిదాకా ఆ సరస్సు నీటిని లావాన్ వైపు వదిలేది. మసెల్‌ని కూడా పంపినట్టవుతుందని తోడడం ఆపేసింది. 2011 కరువులో, ఊళ్ళన్నీ పచ్చిక తడపడం మీద ఆంక్షలు పెట్టుకున్నప్పుడు, అంత పెద్ద సరస్సు పక్కనే ఉండి అక్కరకు రాలేదు. నీటిని తిన్నగా వైలీలోని శుద్ధి కేంద్రానికి చేర్చడానికి సుమారు 46 మైళ్ళ కొత్త గొట్టం వేశాకే, 2014లో మళ్ళీ మొదలైంది. ఖర్చు ముప్ఫై కోట్ల డాలర్ల దాకా. అది మన నీటి బిల్లుల్లోదే.

వెర్మాంట్ రాష్ట్రం 2024లో వేక్ సర్ఫింగ్ పడవలు ఒడ్డుకి 500 అడుగుల దూరంలో ఉండాలనీ, ట్యాంకులు శుభ్రం చేయించకుండా సరస్సు మారకూడదనీ నిబంధన పెట్టింది. టెక్సస్‌లో 2014 నుంచీ పడవలోని నీళ్ళన్నీ ఖాళీ చేశాకే సరస్సు వదలాలి.

ఇన్ని వందల ఏళ్ళూ ఓడ నిలకడ కోసం మోసిన బరువుని ఇప్పుడు నీటిని రేపడానికి మోస్తున్నాం. సరదాని నేను కాదనను. అల మీద నిలబడ్డ పిల్లల ముఖాలు చూశాను. కాకపోతే సవానాలో ఎవరు దింపిన రాయి వాళ్ళకి కనబడేది, మనం దింపేది కనబడదు. పడవని ట్రైలర్ మీదకి ఎక్కించాక ట్యాంకుల బిరడాలు తీసి, చివరి చుక్కదాకా కారనివ్వండి. ఆరబెట్టడానికి ఓ వారం పట్టినా పట్టనివ్వండి. సోమవారం పొద్దున కాఫీకి మనం పట్టుకునేది ఆ నీళ్ళే.