నూనె పోతే పోయింది, చెక్కెక్కడ?

మాది అనంతపురం అనగానే ఎవరైనా అనే మొదటి మాట "అబ్బో, కరువు జిల్లా కదా!" కాదనడానికి లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని వస్తాయి. ఈశాన్యం మా దాకా వచ్చేసరికి నీరసపడిపోతుంది.

మొన్న నాయన ఫోన్ చేసి "ఇంకో బోరు ఏద్దామా?" అన్నాడు. ఇప్పటికే మూడు ఎండిపోయాయి. డబ్బులు నావే కాబట్టి రెండురోజులు గడువడిగి కూర్చుని లెక్కలేశాను. ఆ లెక్కలే ఇవి.

వాన తక్కువ కావడం మాకు కొత్త కాదు. ఊరి పేరే చెరువు పేరు. 14వ శతాబ్దంలో బుక్కరాయల కాలంలో కట్టిన అనంతసాగరం వల్లే అనంతపురం అయింది. పక్కనున్న బుక్కరాయసముద్రం పేరూ అలా వచ్చిందే. అప్పట్నించీ ఈ ఎర్రనేలల మీద కొర్ర, జొన్న, ఉలవ, కంది పండుతూనే ఉన్నాయి. పాతకాలమంతా బంగారం అనడం లేదండోయ్! 1876-78 నాటి ధాత కరువులో జనం ఎలా రాలిపోయారో చదివితే అన్నం సహించదు. కానీ వాన వచ్చిన ఏడాది నేల కోలుకునేది. ఇప్పుడు వాన పడినా కోలుకోవట్లేదని నాయనే అంటాడు. మరి మధ్యలో ఏం పోయింది?

ఇక్కడ కాస్త సైన్సు. 1942లో రేమండ్ లిండెమన్ అనే అమెరికన్ కుర్రాడి వ్యాసం ఒకటి అచ్చయింది. మిన్నెసోటాలో ఒక చిన్న మడుగుని ఏళ్ళతరబడి పరిశీలించి, ఎండ నుంచి నాచుకి, నాచు నుంచి పురుగుకి, పురుగు నుంచి చేపకి శక్తి ఎంతెంత అందుతోందో లెక్కగట్టాడు. అది అచ్చులో చూసుకోకుండానే 26 ఏళ్ళకే పోయాడు, పాపం. ఈ శాస్త్రమంతా ఒక్క ముక్కలో చెప్పాలంటే, శక్తి ఒకవైపే పోతుంది, దారిపొడుగునా వేడిగా కరిగిపోతుంది, మళ్ళీ వెనక్కి రాదు. పదార్థం అలా కాదు, తిరుగుతుంది. నత్రజని, భాస్వరం, పొటాష్ నేలలోంచి చెట్టుకి, చెట్టులోంచి పశువుకి, పశువులోంచి నేలకి.

శక్తికి మాకు లోటు లేదు. ఎండ కావాల్సినంత! తిరగాల్సింది తిరుగుతోందా అన్నదే ప్రశ్న.

మా తాత చెప్పే పాత పద్ధతులన్నీ ఈ తిప్పుడే. చేనిలో కట్టె పశువుకి, పేడ దిబ్బకి, దిబ్బ ఎరువు చేనికి. ఎండాకాలం కురుబోళ్ళ గొర్రెల మందని రాత్రిళ్ళు చేలో నిలబెట్టించి, బదులుగా గింజలిచ్చేవాళ్ళు. కొండల్లో మేసిన గడ్డి అలా చేనికి చేరేది. వానకి కొట్టుకుపోయిన మట్టి చెరువులో పేరుకుంటే, చెరువెండినప్పుడు బండ్లతో వెనక్కి తోలేవాళ్ళు.

ఇక శెనక్కాయ సంగతి. దక్షిణ అమెరికాలో పుట్టిన పంట. 19వ శతాబ్దం చివర్లో ఫ్రాన్సులోని మార్సెయ్ నూనె మిల్లుల కోసం పాండిచ్చేరి నుంచి ఓడల్లో వెళ్ళేది. మా వైపు ఇది మెల్లగా పెరిగి, 1986లో నూనెగింజల మిషన్ వచ్చాక ఉధృతమై, 1990ల నాటికి ఒక్క అనంతపురంలోనే ఏడు లక్షల హెక్టార్లు దాటింది.

శెనక్కాయ వేళ్ళలోని బాక్టీరియా గాలిలో నత్రజని పట్టి ఇస్తుంది కదా, నేలకి మంచిదే కదా అని నేనూ అనుకున్నాను. కానీ ఆ నత్రజనిలో ఎక్కువ భాగం గింజలోకే పోతుంది. పైగా మనం చెట్టుని వేళ్ళతో సహా పీకేస్తాం. భాస్వరం, పొటాష్ అయితే గాలిలోంచి రావు.

ఇంకా తమాషా సంగతి. నూనె అంటే దాదాపుగా కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్, అంతే. గాలీ, నీరూ, వాటిని కలిపిన ఎండా! నూనె అమ్ముకుంటే నేలకి పోయేది దాదాపు ఏమీ లేదు. నేలది అంటూ ఉన్నదంతా చెక్కలో ఉంది. వంద కిలోల చెక్కలో ఏడు కిలోల నత్రజని ఉంటుంది, అంటే సుమారు 15 కిలోల యూరియాతో సమానం. ఊళ్ళో గానుగ ఉన్నప్పుడు చెక్క ఎద్దు తినేది, పేడ చేనికొచ్చేది. ఇప్పుడు కాయ లారీ ఎక్కుతుంది. చెక్క ఎక్కడో దాణా అవుతుంది, పొట్టు ఏ బాయిలర్లోనో మండిపోతుంది. ఎద్దుల బదులు ట్రాక్టరొచ్చింది, అది పేడ వెయ్యదు. మా భాషలో చెప్పాలంటే మెమరీ లీక్! రోజూ కొంచెం కొంచెం పోతుంది, క్రాష్ అయిన రోజు మాత్రం అందరూ కరెంటుని తిడతారు.

ఇది నా ఊహ మాత్రమే కాదు. అనంతపురం వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో 1985లో మొదలుపెట్టి ఇరవై ఏళ్ళపాటు శెనక్కాయ మళ్ళని గమనించారు. నేలలో కార్బన్ తగ్గకుండా ఉండాలంటే ఏటా హెక్టారుకి సుమారు 1.1 టన్నుల కార్బన్ నేలకి అందాలని తేలింది. బాగా నిలబడ్డది ఏ మడో తెలుసా? సగం రసాయన ఎరువుతో పాటు హెక్టారుకి 4 టన్నుల శెనక్కాయ పొట్టు వేసిన మడి. మనం తగలబెడుతున్న పొట్టే!

ఇంకో సాక్ష్యం చెన్నేకొత్తపల్లి దగ్గరుంది (2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా). 1990లో టింబక్టు కలెక్టివ్ 32 ఎకరాల బీడుతో పని మొదలుపెట్టింది. తర్వాత చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళతో కలిసి కల్పవల్లి అనే వేల ఎకరాల కొండభూముల్ని మంటల్నుంచి, విచ్చలవిడి నరుకుడు నుంచి కాపాడారు. గడ్డి తిరిగొచ్చింది, చెట్లొచ్చాయి. వాన మాత్రం అదే వాన.

కార్బన్ ఉన్న మట్టి పడ్డ వానని పట్టి ఉంచుతుంది. లేనిది పక్కవాడి వంకలోకి వదిలేస్తుంది. కాబట్టి మా కరువులో ఒక భాగం ఆకాశానిది, ఒక భాగం మేం లారీకెక్కించింది. బోరు మొదటిదాన్నీ సరిచెయ్యదు, రెండోదాన్నీ సరిచెయ్యదు.

నాయనకి ఇదంతా చెప్పాను. బోరొద్దు, ఈసారి కట్టె అమ్మొద్దు, మంద పెట్టిద్దాం, చెరువు మట్టి తోలిద్దాం అన్నాను. నాయన నవ్వి, "మంద రేటెంతో తెల్సా నీకు? మట్టి ట్రాక్టరు బాడిగెంతో తెల్సా?" అన్నాడు. తెలీదు. కనుక్కున్నాక చూస్తే నాలుగేళ్ళు తోలించినా బోరు ఖర్చులో సగం కాలేదు.

"సరే, ఒక ఎకరాకి చూద్దాం" అన్నాడు చివరికి. మిగతా ఐదెకరాల్లో ఎప్పట్లాగే శెనక్కాయే. చూద్దాం.